రెన్యువల్‌కు ఎనిమిదో తరగతి

ఎనిమిదో తరగతి పాసైన కాగితం లేదని నా లారీ లైసెన్సును రెన్యువల్ చేయకుండా తిప్పి పంపారు. తెలంగాణ వచ్చిన కొత్తలో జరిగిన అన్యాయమిది.

అప్పటికి ముప్పై ఏళ్లుగా హుజూర్‌నగర్ మిల్లుల నుంచి బియ్యం లోడు తోలుతున్నాను. లైసెన్సు లేకపోతే ఓనరు బండి ఇవ్వడు. నాకు మరో పని రాదు. బడికి పోలేదు గానీ, క్లీనరుగా ఉన్నప్పుడు కిలోమీటరు రాళ్ల మీద ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదవడం, వాటిని చూసి రాయడం నేర్చుకున్నాను. టకు ట వత్తు కట్టంగూర్ రాయి నేర్పింది.

రవాణా ఆఫీసు గుమాస్తా నవ్వాడు.

"ఏం పెద్దాయనా, గిప్పుడన్న బడికి పోరాదే?"

"పోత సారూ. స్టీరింగు తిప్పుడు ఏ క్లాసుల చెప్తరో జర చెప్పుండ్రి."

"రూల్ గట్లుంది. నేనేం జెయ్యాలె?"

"గా రూల్ నాకు చూపియ్యుండ్రి. నేనే చదువుకుంట."

విసుగ్గా తెలుగు రూల్ పుస్తకం నా ముందుకు తోశాడు. వేలు పెట్టి చదివాను. గుమాస్తా మొదటి వాక్యం వరకే చదివి ఆగిపోయాడు. దాని కింద "అయితే" అని ఇంకో వాక్యముంది. పాత లైసెన్సుల రెన్యువల్‌కు ఈ షరతు లేదని అందులో స్పష్టంగా ఉంది.

"గది మా పెద్దసారు చెప్పాలె" అన్నాడు.

ఆ వాక్యాన్ని పొల్లు పోకుండా ఎక్కించి, అక్కడే బల్ల మీద పెద్దసారుకు దరఖాస్తు రాశాను. నకలు మీద ముద్ర వేసేదాకా కదల్లేదు. మూడుసార్లు తిరిగాక జవాబు వచ్చింది:

"మీ దరఖాస్తు పరిశీలించడమైనది. విద్యార్హత షరతు మీ రెన్యువల్‌కు వర్తించదు. పాత లైసెన్సు, డాక్టరు సర్టిఫికెట్‌తో హాజరు కాగలరు."