మాధవి కారు మీది పొర తీయించిన రోజు: ఆలూరు నుంచి మొయినాబాద్ దాకా

మాధవి వాళ్లన్న నరేందర్ ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. మాధవి, నేను గచ్చిబౌలిలో ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేశాం. తను ఆలూరు నుంచి రోజూ ముదురు నీలం కారులో వచ్చేది. కారు రంగు మీద గీతలు పడకుండా పీపీఎఫ్ అని గాజులాంటి పలుచని పొర అతికిస్తారు. ఆ పని చేసే మొయినాబాద్ దుకాణం నంబరు తనకు ఇచ్చింది నేనే. పోయిన వానాకాలంలో డెంగీ వచ్చి మాధవి చనిపోయింది. ఆ తర్వాత ఆ కారును ఎవరూ నడపలేదు. "చెల్లె, దాని కారు మసకబారింది. నా కండ్ల ముంగటనే ఖరాబైతున్నది. జర నువ్వొస్తవా?" అన్నాడు నరేందరన్న. శనివారం వస్తానన్నాను.

మెహిదీపట్నంలో పొద్దున ఏడింటికి పరిగి బస్సు ఎక్కాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు కాబట్టి ఖర్చు లేదు. సొంత బండిలో వచ్చేవాళ్లు అప్పా జంక్షన్ దగ్గర బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే చాలు, వరుసగా మొయినాబాద్, చేవెళ్ల, ఆ తర్వాత ఆలూరు వస్తాయి. చేవెళ్లలో బస్సు సగం ఖాళీ అయింది. కండక్టరు పక్క సీట్లో కూర్చుని, ఎవరింటికి వెళ్తున్నానని అడిగాడు. చెప్పాను. "ఆ పొల్ల పొద్దుగాల మా బస్సును దాటిపోతుండె. దాటినప్పుడల్లా చెయ్యి ఊపేది. ఇప్పటికీ నీలం కారు కనబడితే డ్రైవరన్న అద్దంల చూస్తడు" అన్నాడు. ఆలూరు స్టేజీ దగ్గర నన్ను దింపి, బస్సు మలుపు తిరిగేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

కారు ట్రాక్టరు షెడ్డులో, నీలం టార్పాలిన్ కింద ఉంది. నరేందరన్న తాళ్లు విప్పి పట్టా లాగాడు. పొర పాత పుస్తకం కాగితంలా పసుపెక్కింది. తలుపుల అంచుల్లో లేచిపోయి, ఆ సందుల్లో మట్టి చేరింది. "వారానికోసారి కడిగిన చెల్లె. బోరు పైపు పెట్టి, బట్టల సబ్బు పొడితోని మంచిగ రుద్దిన. మల్ల దుమ్ము పడొద్దని కప్పిన" అన్నాడు. ఆ మాట అంటూనే అరచేత్తో అంచును నొక్కి అతికించబోయాడు. అది అతుక్కోలేదు. ఆయన చేసిన సేవే దాన్ని పాడు చేసిందని ఎలా చెప్పను?

వాళ్లమ్మ లక్ష్మమ్మ గారు నాకు జొన్నరొట్టె, పప్పు పెట్టారు. "నేను సుత వస్త. బిడ్డ కారు ఎక్కక ఎన్ని దినాలాయె" అంటూ చెప్పులు వేసుకుని ముందే వెళ్లి వెనక సీట్లో కూర్చున్నారు. కొత్త బ్యాటరీ వేశాక కారు కదిలింది. పది దాటాక బయల్దేరి గంటలోపే మొయినాబాద్ చేరాం.

దుకాణం యజమాని సలీం భాయ్ కారు చుట్టూ తిరిగి చూశాడు. "పట్టా కింద తడి ఆగి, ఎండ వేడికి ఉడికింది అన్నా. పైపు నీళ్లు అంచులకు కొడితే లేస్తది. ఇగ దీన్ని ఉంచొద్దు, తీసేద్దాం. పదేండ్లు మెరవాల్సిన పెయింట్ ఖరాబైతది" అన్నాడు. కొత్తది వేయించాలంటే అరవై డెబ్బై వేలకు తక్కువ కాదని, ఉన్నదాన్ని తీయడానికి కొన్ని వేలు చాలని చెప్పాడు. నరేందరన్న తీసేయమన్నాడు.

సలీం భాయ్, అతని పనివాడు వేడిగాలి మిషనుతో పొరను మెత్తబరుస్తూ, ఊడిన అంచును దాదాపు కారుకు ఆనించి, మెల్లగా లాగుతున్నారు. తలుపుల మీద పొర ఊడివస్తుంటే కింద నీలం రంగు షోరూంలో ఉన్నట్టే బయటపడింది. లక్ష్మమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత బానెట్ మొదలుపెట్టారు. కాస్త లాగగానే సలీం భాయ్ చెయ్యి ఆపేశాడు. పొరతో పాటు అరచేతంత రంగు ఊడివచ్చి, కింద బూడిదరంగు పూత కనిపించింది.

"ఇది కంపెనీ పెయింట్ కాదన్నా. బానెట్‌కు ముందే ఎక్కడ్నో రంగు కొట్టించిన్రు. ఆమె మాకు చెప్పలే" అన్నాడు.

"కొత్త కారుకు రంగెందుకు కొట్టిస్తం?" నరేందరన్న గొంతు పెంచాడు. "మీరే ఖరాబ్ చేసి..."

"వాళ్లననకు బిడ్డా." లక్ష్మమ్మ గారు కుర్చీలోంచి లేచారు. "అది గుద్దింది. కారు తెచ్చిన నెలలనే. మన చెలక కాడ బర్రె అడ్డమొస్తే తప్పించబోయి, కంచె రాతికి గుద్దింది. నువ్వు ఎరువుల కోసం వికారాబాద్ పోయినవ్. నువ్వొచ్చేలోపే చేవెళ్లల రంగేయించి, మీదికెల్లి ఈ కాగితం అతికిస్తే ఎవలకు ఎరుక కాదన్నది."

"దానికి దెబ్బ తాకిందా?"

"చెయ్యి వాచింది. పసుపు పట్టేసిన."

నరేందరన్న అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నాకు చెప్పలే. నేను తిడ్తనని భయపడ్డదా అవ్వా?" అని అడిగాడు.

"తిడ్తవని కాదు బిడ్డా. నువ్వు భయపడ్తవని. మీ బాపు ఇదే రోడ్డు మీద యాక్సిడెంట్ల పోయిన కాన్నుంచి, అది ఇంటికొచ్చేదాకా నువ్వు గేటు కాడ నిలబడుతుంటివి. అన్నకు చెప్తే ఇగ నిద్రపోడు అవ్వా అన్నది."

వేడిగాలి మిషను ఆగిపోయింది. నరేందరన్న రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. మాధవి చనిపోయిన రోజు కూడా ఆయన అందరికీ మంచినీళ్లు ఇస్తూ తిరిగాడే కానీ ఏడవలేదు. సలీం భాయ్ దుకాణం షట్టరు సగం దించి, తను బయటికి వచ్చి నిలబడ్డాడు. నేను ఎదురుగా ఉన్న హోటల్ నుంచి చాయ్ తెచ్చాను. ఎవరూ తాగలేదు.

బానెట్‌కు మళ్లీ రంగు వేయడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. తర్వాత తెస్తానని నరేందరన్న కారు తీసుకున్నాడు. నన్ను మొయినాబాద్ బస్టాపులో దింపారు. అప్పటికి నాలుగు కావస్తోంది. రోడ్డు పక్కన కూరగాయల మూటలు ఆటోలకు ఎక్కిస్తున్నారు. నేను దిగాక ఆయన కిటికీ దించి, "అవ్వా, ముంగటికొచ్చి కూసో. ఆ రాయి ఏడనో చూపియ్యి" అన్నాడు. లక్ష్మమ్మ గారు నెమ్మదిగా దిగి ముందు సీట్లోకి మారారు. ఆయన వంగి ఆమెకు సీటు బెల్టు పెట్టాడు. తలుపులు కొత్తగా మెరుస్తుండగా, మచ్చపడ్డ బానెట్‌తో ఆ కారు ఆలూరు వైపు వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. నాలుగేళ్లు పక్క సీట్లో కూర్చున్నా, వాచిన ఆ చెయ్యి నేనూ చూడలేదు. మెట్లు దిగుతుంటే జారానని చెప్పి ఉంటుంది, నేను నమ్మి ఉంటాను. ఒక మనిషి మనల్ని భయపెట్టకూడదని ఎన్ని దాచుకుని తిరుగుతుందో ఆ మనిషి ఉండగా మనకు తెలియదు. ఆ రోజు నరేందరన్నకు దుఃఖం తగ్గలేదు, ఇంకా పెరిగింది. కానీ చెల్లెలి గురించి ఆయనకు తెలియనిది ఒకటి కొత్తగా దొరికింది. చనిపోయినవాళ్ల నుంచి కొత్తగా ఏదైనా దొరకడం ఎంత అరుదో పోగొట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

మీ కారుకు ఈ పొర ఉంటే మెత్తని గుడ్డతో, కార్ షాంపూతో కడగండి. నీళ్ల ధార అంచులకు తగలనివ్వకండి, టార్పాలిన్ కప్పకుండా గాలి తగిలే నీడలో ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, కారులో ఏ భాగానికైనా మళ్లీ రంగు వేయించి ఉంటే, పొర అతికించే ముందే ఆ సంగతి చెప్పేయండి. దుకాణంవాళ్లకూ, ఇంట్లోవాళ్లకూ.