దేవుని కుండలో పిడికెడు

నా చిన్నప్పుడు, తెలంగాణ కోసం బడులన్నీ మూతబడిన ఆ ఏడు, కేసముద్రంలో మా ఇంట్లో పుస్తకాలు ఉన్నాయి గానీ చెప్పే సారు లేడు. వరంగల్లులో ఒక హాస్టలు బడి మాత్రం నడుస్తుండేది. ప్రవేశ పరీక్షలో నెగ్గితే తిండీ చదువూ అక్కడే. నెగ్గకపోతే తనతో మిరప చేలకు కూలికి రావాలని మా బాపు ముందే చెప్పాడు. కోపంతో కాదు, ఇంకో దారి లేక.

సంధులు, సమాసాలు, అలంకారాలు, వాటితో పాటు నదులు, పర్వతాలు, గ్రహాలు అడుగుతారట. పుస్తకం తెరిస్తే నాకు కళ్లు తిరిగేవి. ఉపమేయమేదో ఉపమానమేదో కలిసిపోయేవి. మోకాళ్లూని ప్రార్థించేదాన్ని. లేచేసరికి చదివింది మళ్లీ పోయేది.

మా పక్కింటి అక్క మా చర్చి సంఘంలో ఆదివారం బడి నడిపేది. పదో తరగతి దాకా చదివిన ఆడపిల్ల మా వాడలో ఆమె ఒక్కతే. ఒకరోజు ఆమె ముందు ఏడ్చాను.

"ఇన్ని ఎట్ల యాదికుంటయి అక్కా? నాతోని గాదు."

"మీ అవ్వ ఎసట్ల బియ్యం పొయ్యంగ ముందుగాల ఏం చేస్తది?"

"పిడికెడు తీసి దేవుని కుండల ఏస్తది."

మా సంఘంలో ప్రతి ఇంటా ఆ కుండ ఉండేది. ఆదివారం ఆ బియ్యమంతా ఒకచోట పోసి, పొయ్యి వెలగని ఇళ్లకు పంచేవారు.

"గా పిడికెడు తీస్తే మీరు పస్తున్నరా? ఆదివారం దాక కుండ నిండుతలేదా? సదువు గూడ గంతే."

మర్నాటి నుంచి ఎసరు కాగే వేళకు అక్క గోడ మీదుగా ఒక్క ప్రశ్న అడిగేది. జవాబు చెప్పేదాకా మా అవ్వ బియ్యం పోసేది కాదు. మా తమ్ముడికి ఇది ప్రాణసంకటం, నన్ను తొందరపెట్టేవాడు.

"జల్ది చెప్పు అక్కా. అలంకారాలు తింటమా, అన్నం తింటమా?"

భూమికి దగ్గరి నక్షత్రం ఏదంటే, క్రీస్తు పుట్టినప్పుడు జ్ఞానులకు కనబడిన చుక్క అన్నాను. వాడు పడిపడి నవ్వాడు. అక్క నవ్వలేదు.

"పొద్దే బిడ్డా. రోజూ నెత్తి మీదనే ఉంటది గాబట్టి మనకు చుక్క అనిపియ్యది."

అలా పిడికెడు పిడికెడుగా నా కుండ నిండింది. పరీక్షకు ముందురోజు బాపు, అక్క నన్ను స్టేషనుకు తీసుకుపోయారు. తెలంగాణ కావాలని పట్టాల మీద కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. ఏ బండీ కదలదని స్టేషను మాస్టరు చెప్పాడు. బస్సులు అంతకుముందే ఆగిపోయాయి. మార్కెట్టు ముందు లారీలు తాళ్లు కూడా విప్పకుండా నిలబడి ఉన్నాయి. బాపు వెళ్లి ఆ కుర్రాళ్లను బతిమాలాడు.

"నీ బిడ్డసుంటోళ్ల కోసమే కూసున్నం బాపూ," అన్నాడొకడు, మర్యాదగానే.

బాపు తలపాగా విప్పి, మళ్లీ చుట్టుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా అక్క అడిగింది. "ఉపమాలంకారానికి ఒక ఉదాహరణ చెప్పు."

"ఇంకెందుకు అక్కా?"

"కుండల ఏసిన పిడికెడు మల్ల తీసుకుంటమా?"

నాకు కోపం, దుఃఖం రెండూ వచ్చాయి. "దేవుని జవాబు వలె బండి రాలేదు," అన్నాను. అంత మాటకు కొడుతుందనుకున్నాను. ఆమె పట్టాల వైపు చూసింది.

"నాగ్గూడ గట్లనే అనిపిస్తాంది," అని నా తల తన ఒడిలోకి తీసుకుంది.

ఆ పరీక్ష నేను లేకుండానే జరిగిపోయింది. నేను చేలకు పోయాను. బండి ఎందుకు పంపలేదని దేవుణ్ణి ఎన్నో రాత్రులు అడిగాను. ఇప్పటికీ ఆయన చెప్పలేదు. అయినా ఆయన్ను విడిచి నేను పోయే చోటు లేదు.

ఇప్పుడు మా సంఘంలో ఆదివారం బడి నాది. పిల్లలు వానాకాలం చదువులని వెక్కిరించినా, భోజనానికి ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆనాడు అక్క నాలో దాచిపెట్టిన చదువు నా ఆకలి తీర్చలేదు. దేవుని కుండలో వేసినవాళ్లు అందులోది తినరు కదా. ఎసరు కాగగానే నా చెయ్యి బియ్యంలోకి పోతుంది, పిడికిలి మూసుకుంటుంది. ఇది ఎవరింటికి పోతుందో నాకు తెలియదు.