కార్డు మీది జీడి మరక

పలాసలో జీడిపిక్కలు ఒలుస్తూ డిగ్రీ చదివే రోజుల్లో పాత లాప్‌టాప్ ఒకటి కొనుక్కున్నాను. స్పీడు కోసం కొత్త ర్యామ్ కార్డు కొని, టెక్కలిలో రిపేరు షాపున్న మా మేనత్త కొడుకు దగ్గరికి వెళ్లాను. బావ ముందు బ్యాటరీ వైరు ఊడదీయించి, కార్డు నా చేతే పెట్టించాడు. "అంచులట్టుకోవే, మజ్జిన ముట్టుకోకు" అంటుండగానే నా బొటనవేలి జీడి మరక కార్డు లేబుల్ మీద నల్లగా పడింది. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత లాప్‌టాప్ ఫ్యాను మోత పెడుతుంటే బావకే బాగుచేయమని ఇచ్చాను. అది తిరిగొచ్చాక, ఉద్యోగం కోసం రాస్తున్న ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో లాప్‌టాప్ బిగుసుకుపోయింది. బావకు ఫోన్ చేసి ఏడ్చాను.

"పాతదైపోనాదే, ఏటి సేత్తాం. నాది సూడు, ఈ మజ్జిన జోరుగా పోతంది" అన్నాడు.

ఆ మాట మనసులో గుచ్చుకుంది. ఆయన నేర్పినట్టే బ్యాటరీ వైరు తీసి విప్పి చూశాను. లోపలి కార్డు మీద మరక లేదు.

మర్నాడు షాపుకెళ్లి, "నీ లేప్‌టాప్ ఇప్పు బావా" అన్నాను. ఆయన కదల్లేదు. స్క్రూడ్రైవర్ నేనే అందుకున్నాను. మూత తీయగానే లోపలి కార్డు మీద నల్లగా నా వేలిముద్ర కనిపించింది.

"నువ్విప్పి సూత్తావనుకోనేదే" అన్నాడు బావ.

కార్డు తీసి నా చేతిలో పెట్టాడు, ఎంతో జాగ్రత్తగా, అంచులు పట్టుకుని. పోయిన పరీక్షను మరిచిపోయాను గానీ, ఆ జాగ్రత్తను మరిచిపోలేకపోతున్నాను.