అక్క పెట్టిన తాళం

ఇంజనీరింగ్ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్నవాడికి నరసన్నపేటలో జీతం లేని ఉద్యోగం ఒకటి వెంటనే దొరుకుతుంది. "పాస్‌వర్డు మర్చిపోయాను, కాస్త చూడు" అని వచ్చేవాళ్లందరికీ చూడటం. ఏడాదిన్నర చేశాను. సెలవుల్లేవు. నాన్నది, పెదనాన్నది, పెదనాన్న గ్యాస్ బుకింగ్‌ది, చర్చి పాస్టరుగారిది. మర్చిపోయినవాళ్లు నిశ్చింతగా టీ తాగుతుంటారు. దిగులు నా వంతు.

అక్క మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు. అన్నిచోట్లా ఒకటే పెట్టుకుంది మరి. తన పేరు, వెనక ఒకటి రెండు మూడు. మెయిలుకీ అదే, టీచరు పోస్టు దరఖాస్తుకీ అదే, చీరలు కొనే సైటుకీ అదే. ఆ చీరల సైటులో దొంగలు పడ్డారు. మర్నాటికల్లా చవక కళ్లజోళ్లు కొనమంటూ అక్క మెయిలు నుంచి బంధువులందరికీ ఉత్తరాలు వెళ్లాయి. ఇంటి పరువు పోయిందని అమ్మ గోల. మా మేనత్త మాత్రం తనకొక జత కావాలని జవాబు రాసింది.

మెయిలు మళ్లీ చేతికొచ్చాక అక్క ఫోనులో పాస్‌వర్డ్ మేనేజర్ వేశాను. అరుగు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"ఒక్కో ఖాతాకి ఒక్కో పాస్‌వర్డు. ఎవడి ఊహకీ అందనంత పొడుగ్గా ఇదే తయారుచేస్తుంది, ఇదే దాచుతుంది. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది దీన్ని తెరిచే మాట ఒక్కటే."

"అంటే తాళాలన్నీ ఒక పెట్టిలో ఎట్టీసి, ఆ పెట్టి తాళం నా నోట్లో ఎట్టుకోమంటావు."

"అంతే."

"అది మర్సిపోతే?"

"ఇంక ఎవడూ తెరవలేడు. ఈ యాప్ చేసినవాడికి కూడా తెలీదు."

"మరి ఇదేటి బాగురా?"

ఆ ప్రశ్నకి జవాబు ఉంది. మధ్యాహ్నం రెండింటికి అంత ఓపిక లేదు. కాగితం మీద రాసి బీరువాలో దాచుకోమన్నాను. బీరువాలో చోటు లేదంది. అదీ చీరల సైటు పుణ్యమే.

"మన ఇంట్లో అనుకునే మాటే ఏదో ఒకటి, పొడుగ్గా, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు. నాకు చూపించకు" అని అటు తిరిగి కూర్చున్నాను. టకటకా కొట్టింది.

"ఎలాంటిది పెట్టావు?" అన్నాను.

"సెప్పనంటే సెప్పను" అంది.

శభాష్, రహస్యం దాచడం అప్పుడే వచ్చేసింది అనుకున్నాను.

ఆ వారమంతా రోజుకి రెండు ఖాతాల చొప్పున పాత పాస్‌వర్డులు మార్చాం. ముందు మెయిలు, తర్వాత బ్యాంకు, తర్వాత టీచరు పోస్టు దరఖాస్తు. అక్కడినుంచి వేలిముద్ర పెడితే చాలు, యాప్ తెరుచుకునేది. నాలుగు నెలలు వేలితోనే గడిచిపోయింది. తెరిచే మాట మళ్లీ కొట్టే పని పడలేదు.

ఆ నాలుగు నెలల్లో అక్క ప్రైవేటు స్కూలు ఉద్యోగం మానేసి, తెలుగు పండిట్ పరీక్షకి శ్రీకాకుళంలో కోచింగ్‌లో చేరింది. మొదటిరోజే లేచి నిలబడి, "సందస్సులో ఒక డౌటండి" అంది. క్లాసు నవ్వింది. ఆ నోటితో పిల్లలకేం నేర్పుతావమ్మా అని సారు కూడా నవ్వాడట. అక్క ఏడవలేదు. 'చ' సాధన మొదలుపెట్టింది. చింతపండు, చీపురు, చెప్పులు. ఉండాల్సిన చోట వచ్చింది, బానే ఉంది. అక్కర్లేని చోట కూడా వచ్చింది. "చాయంత్రం వస్తా" అని బస్సెక్కేది. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను, అమ్మ చేతిలో ఉన్న చేట నా మీదికి వచ్చింది.

పరీక్ష వారంలో ఫోను నీళ్ల కుండీలో పడింది. బియ్యం డబ్బాలో రెండురోజులు పడుకోబెట్టాం. లేవలేదు. కొత్తది కొన్నాం.

హాల్ టికెట్లు ఇస్తున్నారని తెలిసి రాష్ట్రంలో ఉన్న నిరుద్యోగులంతా ఒక్కసారే ఎక్కేసరికి సైటు కూడా పడుకుంది. పరీక్ష రేపనగా మధ్యాహ్నం లేచింది. కొత్త ఫోనులో యాప్ వేలిని ఒప్పుకోలేదు, తెరిచే మాట అడిగింది. దరఖాస్తు పాస్‌వర్డు దాని లోపలే ఉంది. మెయిలుదీ లోపలే. మెయిలుకీ దరఖాస్తుకీ ఇచ్చిన నంబరేమో ఆగిపోయిన పాత సిమ్ముది. హాల్ టికెట్ లేకపోతే గేటు దాటనివ్వరు. ఈ నోటిఫికేషన్ కోసం అక్క నాలుగేళ్లు ఎదురుచూసింది. మళ్లీది ఎప్పుడో చెప్పగలిగినవాడు లేడు.

"పాస్‌వర్డు ఏంటక్కా?"

"చెప్పనంటే చెప్పను."

"పరీక్ష రేపు. ఇప్పుడు నా దగ్గర గుట్టేంటి?"

"అదేరా, చెప్పనంటే చెప్పను!"

"సరే, చెప్పకు. నువ్వే కొట్టు."

"వెధవా, పాస్‌వర్డే అది!"

అప్పుడర్థమైంది. నాలుగు నెలల కింద నేను మెచ్చుకున్నది రహస్యం దాచినందుకు కాదు, రహస్యం నా మొహాన చెప్పినందుకు.

కొట్టింది. తప్పు. ఒక 'పి'తో కొట్టింది, రెండు 'పి'లతో కొట్టింది, మధ్యలో ఖాళీ పెట్టి, తీసేసి. అన్నీ తప్పే. కాసేపు ఆగి ప్రయత్నించమంది యాప్. అది అలసిపోయింది, మేము అలసిపోకూడదు. అక్క ఫోను తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. నా నోట్లో రెండు జోకులున్నాయి, మింగేశాను.

పక్కనే అమ్మ చేటలో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతోంది. ఈ 'చ'లన్నీ నా రాతలోవే, అమ్మ నోట అవి సేట, సోళ్లు, సెరగడం.

"ఏటర్రా ఆ గోల?" అంది.

"అక్క పెట్టిన మాట తప్పంటోందమ్మా."

"ఏటెట్టినాది?"

"చెప్పనంటే చెప్పను" అంది అక్క, విసుగ్గా.

అమ్మ చేట ఆపింది. "అలగన్లేదే నువ్వు."

"మరెలాగన్నాను?"

"ఆ రోజు అరుగు మీద సెప్పనంటే సెప్పను అన్నావు. నాను ఇన్నాను. ఈ కొత్త పలుకులు అప్పుడెక్కడున్నాయే? శీకాకులం ఎల్లినాకే గదా ఒచ్చినాయి!"

అక్క నా వైపు చూసింది. నేను ఫోను వైపు చూశాను. సి, హెచ్ తీసేసి, రెండుచోట్లా ఎస్ పెట్టి కొట్టింది.

"తెరుసుకున్నాది" అంది. అరవలేదు, గంతులు వెయ్యలేదు. చేటలోంచి నాలుగు చోళ్లు తీసి నోట్లో వేసుకుంది. పచ్చివని కూడా చూసుకోలేదు.

హాల్ టికెట్ దిగడానికి పావుగంట పట్టింది. బజారులో ప్రింటు తీయించుకొచ్చాను. ఫొటో నల్లగా పడింది. అది అక్కే అని మేము నమ్మాం, గేటు దగ్గరివాళ్లు నమ్మాలి. మొదట కోరుకున్న సెంటరు శ్రీకాకుళం. ఇచ్చింది విజయనగరం. ఎనిమిదింటికల్లా లోపల ఉండాలని కింద లావు అక్షరాల్లో ఉంది.

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివి మడతపెట్టింది.

"తెల్లారి ఫస్టు బస్సెన్నింటికిరా?"

"నాలుగున్నరకి."

"సీటు దొరుకుతాదేటి?"

"రేపు ఆ బస్సులో ఎక్కేవాళ్లందరి చేతుల్లోనూ ఇలాంటి కాగితమే ఉంటుంది. నిలబడాల్సిందే."

"నిల్సునే సదువుకుంటాను గాని, పుస్తకాల సంచీ నువ్వు పట్టుకో" అంది.

వస్తావా అని అడగలేదు. నేనూ వస్తానని చెప్పలేదు. అలారం మూడున్నరకి పెట్టి, ఎందుకైనా మంచిదని మూడు నలభైకి ఇంకొకటి పెట్టాను.