ఒకే గుండె, రెండు ఫైళ్ళు

2009 సెప్టెంబరులో ఇంగ్లండులో స్టాన్‌మోర్ దగ్గరి ఒక ప్రైవేటు క్లినిక్‌లో కార్డియాక్ ఫిజియాలజిస్టుగా చేరాను. ఆ పేరు వినగానే మనవాళ్ళు డాక్టరమ్మ అనుకుంటారు. కాదు. ఎకో యంత్రం మీద గుండెను చూసి గదుల కొలతలు, గోడల మందం, కవాటాల పనితీరు రాసిపెట్టడం మా పని. దాన్ని చదివి సంతకం పెట్టేది కార్డియాలజిస్టు. మా దగ్గర ఆయన పేరు డాక్టర్ హారిస్. కొలత నీది, తీర్పు నాది, కొలత తప్పితే ఇద్దరం తప్పినట్టే అని మొదటిరోజే చెప్పారు.

ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాణ్ణి తీసుకునే ముందు మెడికల్ చేయిస్తాయి. గుండె పరీక్షకు కొన్ని క్లబ్బులు మా దగ్గరికి పంపేవి. ఏళ్ళ తరబడి పరిగెత్తేవాళ్ళకు గుండె గోడలు కాస్త మందంగానే ఉంటాయి. పన్నెండు మిల్లీమీటర్ల వరకు పేచీ లేదు. పదహారు దాటిందంటే జబ్బుగానే చూస్తాం. చిక్కంతా మధ్యలోనే: అది కసరత్తు తెచ్చిన మందమా, పుట్టుకతో, వంశంలో వచ్చిన జబ్బా? ఆ జబ్బున్నవాడు పరుగు మధ్యలో కుప్పకూలిపోవచ్చు. అందుకే అలాంటి చోట పాత స్కాన్ ఒకటి దొరికితే దాన్ని మించిన సాక్ష్యం లేదు.

2013 జనవరిలో ఒక కొలంబియా కుర్రవాడు వచ్చాడు. ఇరవై రెండేళ్ళు, మిడ్‌ఫీల్డర్. మైదానంలో అందరికంటే ఎక్కువ పరిగెత్తేది వాళ్ళేనట. స్పెయిన్‌లో ఆడుతుంటే ఇక్కడి క్లబ్ ఒకటి కొనుక్కుంటోంది. అసలు పేరు చెప్పను. ఎల్మెర్ సాలస్ వివేరో అనుకుందాం. గదిలోకి రాగానే నన్ను చూసి తెలిసినవాడిలా నవ్వాడు. మర్యాదస్తుడు అనుకున్నాను. ఇంతకు ముందు గుండె స్కాన్ అయిందా అన్న ప్రశ్నకు ఫారంలో అయిందని టిక్ పెట్టాడు. క్లబ్ కాగితంలో ఉన్న ఇంటిపేరు సాలస్‌తో మా సిస్టమ్‌లో వెతికితే ఏమీ రాలేదు. వాళ్ళ దేశంలోనో స్పెయిన్‌లోనో అయివుంటుందిలే అనుకున్నాను. ఎక్కడ అని ఒక్క మాట అడిగితే ఏం పోయేది? అడగలేదు. బయట క్లబ్ మనిషి గడియారం చూసుకుంటున్నాడు.

గోడ పద్నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. ఈసీజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. డాక్టర్ హారిస్ బొమ్మల్ని రెండుసార్లు చూసి, క్రీడాకారుడి గుండె, ఆడవచ్చు అని రాసి సంతకం పెట్టారు.

ఆరు వారాలు గడిచాయి. నెలాఖరు శుక్రవారం పొద్దున మా క్లినిక్‌లో ఒక విసుగు పని ఉండేది. ఒకే మనిషి పేరు మీద రెండు ఫైళ్ళు పడి ఉంటే వాటిని వెతికి కలపడం. రిసెప్షన్‌లో పనిచేసే అనిత కరీంనగర్ పిల్ల, వెంబ్లీలో ఉండేది. జాబితా పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, గీ ఇద్దరిది డేట్ ఆఫ్ బర్త్ ఒక్కటే ఉంది, జర చూడుండ్రి. ఇద్దరూ ఎల్మెర్లే. కలపాల్నా?"

ఒకటి సాలస్. రెండోది వివేరో, 2010 మార్చి. తెరిచి చూశాను. వేరే ఇంగ్లీషు క్లబ్‌లో ట్రయల్‌కి వచ్చినప్పుడు చేసిన స్కాన్ అది. గోడ మందం పదకొండు. ఆకారం మీద చిన్న అనుమానం, ఏడాదిలో మళ్ళీ చూడాలి అని కింద సలహా. ఆ క్లబ్ అతన్ని తీసుకోలేదు, కాబట్టి ఆ సలహా అక్కడే ఏ సొరుగులోనో ఉండిపోయింది. స్కాన్ చేసినవారి పేరున్న చోట చూశాను. నా పేరే.

రెండు కొలతలూ పక్కపక్కన పెట్టి చూశాను. మూడేళ్ళలో మూడు మిల్లీమీటర్లు! ఆ మూడేళ్ళలో అతని కసరత్తేమీ పెరగలేదు, రెండు ఫారాల్లోనూ రాసిన గంటలు ఒకటే. పెరిగింది గోడ. ఈ ఆరు వారాల్లో అతను ఆరు మ్యాచ్‌లు ఆడాడు, నా కొలత నమ్ముకుని. ఏడోది మర్నాడు మధ్యాహ్నం.

"ఏమైంది ఆంటీ, గట్లయిపోయిన్రేంది? నీళ్ళు తాగుండ్రి" అంటోంది అనిత. 

కాగితాలు పట్టుకుని డాక్టర్ హారిస్ గదికి దాదాపు పరిగెత్తాను. ఆయన చదివి వెంటనే క్లబ్ డాక్టరుకు ఫోన్ చేశారు. అవతలివాళ్ళు సోమవారం చూద్దామన్నారట. రేపు అతను మైదానంలో అడుగుపెట్టకూడదు, ఇది సలహా కాదు అని ఈయన గట్టిగా చెప్పి పెట్టేశారు. శనివారం ఎల్మెర్ ఆడలేదు. మంగళవారం ఎం.ఆర్.ఐ. తీస్తే గుండె కండరంలో మచ్చ కనిపించింది. అనుమానానికి తావు లేదు, పుట్టుకతో వచ్చిన జబ్బే. ఇరవై రెండేళ్ళకు అతని ఆట ముగిసింది.

రిపోర్టు కోసం తనే వచ్చాడు, దుబాసీని వెంటబెట్టుకుని. డాక్టరు చెప్పిందంతా తలవంచుకుని విన్నాడు. వెళ్ళేముందు నా గదిలోకి వచ్చి, దుబాసీ అక్కర్లేకుండా, తనకొచ్చిన ఇంగ్లీషులోనే అన్నాడు: "వివేరో మా అమ్మ ఇంటిపేరు. కంప్యూటర్‌లో తప్పు పడిందని మొదటిసారి వచ్చిన రోజే మీకు చెప్పాను. మీరు నవ్వారు."

అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళ పద్ధతిలో ముందు తండ్రి ఇంటిపేరు, చివర తల్లిది; చివరిదే ఇంటిపేరనుకుని ఇక్కడి గుమాస్తా ఎక్కించేశాడు. ఆ పందొమ్మిదేళ్ళవాడు వచ్చీరాని భాషలో అది సరిచేయమని అడిగితే, నేను నవ్వి, నా పేరూ తిరగేసే రాశారు, నన్నూ ఇంటిపేరుతోనే పిలుస్తారు, ఇక్కడ అంతే, పట్టించుకోకు అని సర్దిచెప్పాను. ఓదార్చాననుకున్నాను. మన ఊళ్ళో ఇంటిపేరు ముందు రాసుకుంటాం కనక, అదే నా పేరనుకుని మా సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌లో, నన్ను చెరుకుమిల్లీ అని పిలిస్తే 'సుభద్ర' అని ఏనాడూ దిద్దకుండా లేచి వెళ్ళేదాన్ని. నాకు అలవాటైపోయిన తప్పును చేతులారా అతనికీ అంటగట్టాను.

క్షమించమన్నాను. అతను తలూపాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. ఇప్పుడు వాళ్ళ దేశంలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడని మాత్రం తర్వాత విన్నాను.

విచారణ జరిగింది. నా ఫైల్లో ఒక మందలింపు చేరింది, న్యాయమే. ఆ తర్వాత రిటైరయ్యేవరకు ఏడేళ్ళపాటు ఒక్కటే నియమం పెట్టుకున్నాను: పేరు తప్పు అని ఎవరైనా అంటే ఛాతీ మీద ఆనించే ప్రోబ్ పక్కన పెట్టి, ముందు పేరు దిద్దించి, తర్వాతే గుండె చూశాను. ఎల్మెర్ వచ్చి వెళ్ళిన వారంలోనే మా సర్జరీకి వెళ్ళి నా పేరు కూడా మార్పించుకున్నాను. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.