మూడేళ్ల దవడ

హిల్మర్ ఎకర్ట్ పెద్ద కత్తెరను చచ్చిన దుప్పిపోతు నోట్లోకి దూర్చి దవడ ఎముకను వెనక వైపున కటుక్కుమనిపించాడు. రెండో వైపూ అలాగే కత్తిరించి కింది దవడను బయటికి లాగాడు. కొళాయి కింద పెట్టి, నెత్తురూ నమిలిన ఓక్ కాయల పిప్పీ పోయేదాకా పాత బ్రష్షుతో రుద్దాడు.

షెడ్డు గుమ్మంలో నలుగురు మగాళ్లు కాఫీ తాగుతూ కొమ్ములు కొలుస్తున్నారు. ఒకడు నవ్వులాటకి దాని చెవిలో సిగరెట్టు పెట్టాడు. హిల్మర్ ఆ సిగరెట్టు తీసి నేలకేసి తొక్కాడు.

తరవాత దవడను వెలుతురుకి తిప్పి, బొటనవేలితో పళ్లు తుడిచి చూశాడు. ఇంకోసారి తుడిచి చూశాడు. మొదటి దవడ పన్ను మీద, అరిగినచోట, గోధుమరంగు గీత తెల్ల పెంకుకన్నా వెడల్పుగా ఉంది. రెండో పన్ను మీద సన్నగానే ఉంది. ఐదేళ్ల పోతుకైతే మూడు పళ్ల మీదా వెడల్పుగా ఉండాలి. ఇది మూడేళ్లది.

ఈ పళ్ల లెక్క హిల్మర్‌కి బళ్లో ఎవరూ నేర్పలేదు. లానో నదికి ఎగువన ఉన్న పశువుల బీళ్లలో గాలిమరలు బాగుచేస్తూ బతికాడు. ఎక్కడ దుప్పి పిల్ల చేతికి చిక్కినా దాని చెవికి చిన్న గాటు పెట్టి, పుట్టిన ఏడాది రాసుకునేవాడు. నాలుగేళ్లకో ఆరేళ్లకో దాన్ని ఎవరైనా వేటలో కొట్టినప్పుడు వెళ్లి దవడ అడిగి తెచ్చుకునేవాడు. ముప్పై ఏళ్లు అలా పోగుచేసిన దవడలు చెప్పుల పెట్టెల్లో ఉన్నాయి. వాటిని చూసే ఈ వేట సంఘం తన కట్టుబాటు పెట్టుకుంది. ఐదేళ్లు నిండని పోతును కొట్టకూడదు. కొట్టినవాళ్లు మరుసటి ఏడు తుపాకి పట్టకూడదు.

కొత్తగా వచ్చినవాళ్లని హిల్మర్ పక్కన కూచోబెట్టుకుని ఒకటే చెప్పేవాడు. కొమ్ములను బొటనవేలితో కప్పేసి ఒళ్లు చూడు. పక్కకి తిరిగేదాకా ఆగు. పొట్ట జారిందా, నడుం కిందికి వంగిందా, కాళ్లు పొట్టిగా కనిపిస్తున్నాయా. అయితేనే అది ముదిరినట్టు. మిగతావాళ్లకి ఇదంతా విసుగు. ఎరగా మొక్కజొన్న చల్లే యంత్రం దగ్గర కెమెరాలు కట్టి, ఫోన్లో వచ్చిన కొమ్ములు చూసి, దుప్పులకి పేర్లు పెట్టేవాళ్లు. సంఘం పెద్ద డ్వెయిన్ స్టోక్స్ ఈ పోతుకి గవర్నర్ అని పేరు పెట్టి, ఐదేళ్లు దాటిందని ఆగస్టు నుంచీ అందరికీ చెబుతున్నాడు.

ఈ పొద్దున మంచె మీద హిల్మర్ పక్కన కూచున్నది నెల్డా ప్రూయిట్. బడి బస్సు నడుపుతుంది. ఈ సంఘంలో చోటు కోసం ఆరేళ్లు ఎదురుచూసింది. ఇదే ఆమెకి మొదటి ఏడు.

మంచులోంచి ఆడదుప్పి వెనకాల గవర్నర్ వచ్చింది. జత కట్టే రోజులు, మెడ ఉబ్బి పీపాలా ఉంది. ఎదురుగా నిలబడింది, పక్కకి తిరగలేదు. నెల్డా తుపాకి ఎత్తి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా, "ఆగనా సర్?" అని అడిగింది.

"కొట్టు," అన్నాడు హిల్మర్.

ఎందుకన్నాడో ఇప్పుడు దవడ పట్టుకుని నిలబడితే తెలుస్తోంది. డ్వెయిన్ మూడు నెలలుగా కోరుకుంటున్న పోతు ఈ బస్సు డ్రైవరు చేతిలో పడితే చూడాలనుకున్నాడు. ఆ తొందరలో వయసు సంగతి డ్వెయిన్ మాటకే వదిలేశాడు. తనకి ఇంతకన్నా రోత పుట్టించిన పని ఇంకోటి గుర్తుకు రాలేదు.

"ఎన్నేళ్లని తేలిందమ్మా, ఆరా?" అన్నాడు డ్వెయిన్ గుమ్మంలోంచి లోపలికొచ్చి, హిల్మర్ పక్కన నిలబడ్డ నెల్డా వైపు చూసి నవ్వుతూ.

"మూడు," అన్నాడు హిల్మర్.

డ్వెయిన్ దవడ వైపు చూడలేదు. గుమ్మంలోని వాళ్లకి వీపు పెట్టి గొంతు తగ్గించాడు. "ఐదని రాసెయ్ హిల్మర్. ఆ పళ్లు ఎవడు చూడొచ్చాడు? ఈవిడ మాత్రం ఏం తప్పు చేసిందని?"

"ఈవిడ మీద నీకెప్పుడు పుట్టిందయ్యా ఈ జాలి? నిన్నటిదాకా బస్సావిడ అనేవాడివి."

"నీ పరువు కూడా చూసుకో మరి."

"అదే చూస్తున్నా. కంపు కొడుతోంది."

నెల్డా మొహం పాలిపోయింది. "సర్, అంటే వచ్చే ఏడు నేను రాకూడదా?" అంది. "పోనీలెండి. నొక్కింది నేనే కదా."

"అడిగావు కదమ్మా, ఆగనా అని. ఇక్కడున్న వీళ్లలో ఒక్కడూ ఎప్పుడూ అడగలేదు."

"కట్టుబాటు కొట్టినవాళ్లకే," అన్నాడు డ్వెయిన్. "పక్కన కూచున్నవాడి మాట అందులో లేదు."

"లేదు. ఇప్పుడు రాస్తున్నా."

హిల్మర్ అట్టముక్క తీసుకుని పెన్సిలుతో తేదీ వేశాడు. వయసు దగ్గర మూడు అని రాశాడు. కొట్టినవారి పేరు దగ్గర నెల్డా ప్రూయిట్ అని రాసి, దాని కింద ఇంకో వరస గీసుకున్నాడు. కొట్టమన్నది హిల్మర్ ఎకర్ట్, వచ్చే ఏడు తుపాకి పట్టనిది ఇతనే.

"నువ్వు మంచె ఎక్కకపోతే కొత్తవాళ్లకి ఎవడు చూపిస్తాడు?" అన్నాడు గుమ్మంలో ఒకడు.

"తుపాకి పట్టనన్నా. కళ్లు మూసుకుంటానన్లేదు. ఈవిడ పక్కన కూచుంటా. ఈసారి అది పక్కకి తిరగందే నా నోరు తెరుచుకోదు."

డ్వెయిన్ గుమ్మం వైపు తిరిగి మిగతా ముగ్గురి మొహాలూ చూశాడు. వాళ్లు టేపు చుట్టేసి కప్పులు కడుక్కుంటున్నారు.

హిల్మర్ దవడను ఆఖరుసారి కడిగి గుడ్డతో తుడిచాడు. ఎముక వెనక కంతలోంచి తీగ దూర్చి, అట్టముక్కను రెండు మెలికలేసి బిగించాడు. ఊడొస్తుందేమోనని లాగి చూశాడు. గోడకి ఈ ఏటి దవడలు తగిలించడం సంఘం పెద్ద చేయాల్సిన పని. డ్వెయిన్ చేయి చాపేదాకా ఆగి, పళ్లు పైకి కనిపించేలా దవడను ఆ చేతిలో పెట్టాడు.