గంభీరం గారి ఒక్కగానొక్క మాట

ఆ భవనంలో కింద అచ్చుయంత్రాలు, మధ్య అంతస్తులో బైండింగు, పైన నిఘంటువు తయారుచేసే కార్యాలయం. మెట్లెక్కే కొద్దీ పని తగ్గి జీతం పెరిగేది. పై అంతస్తులో, కిటికీ పక్క కుర్చీలో, ముప్ఫై ఏళ్ళుగా పాతుకుపోయిన మనిషిని అందరూ గంభీరం అనేవాళ్ళు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదది, టెలిఫోన్ ఆపరేటర్ పెట్టింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుంటూ, వరండాలో ఆయనగారు నడిచి వస్తుంటే ఆవిడ ఫోను చేత్తో మూసి "గంభీరం వస్తోంది" అంది ఒకసారి. వస్తున్నారు కాదు, వస్తోంది. వాన వస్తోంది, బట్టలు తీసేయండి అన్నట్టు. ఆ పేరు భవనమంతటికీ తెలుసు, ఆయనొక్కడికే తెలియదు.

కొత్త వస్తువులకు కొత్త మాటలు చేయడం ఆయన ఉద్యోగం. చేశాడు పాపం, కొరత లేకుండా చేశాడు. జిప్పుకు 'దంతగ్రథని' అన్నాడు. టీవీ రిమోట్‌కు 'దూరాజ్ఞిక' అన్నాడు. ఫోన్ ఛార్జరుకు ఆయన పెట్టిన పేరు పలికేలోగా ఫోను పూర్తిగా నిండుతుంది. నోరు తిరగని మాటంటేనే గొప్ప మాటని ఆయన నమ్మకం. జనం నోళ్ళలో ఊరికే పుట్టి, చెప్పులు కూడా లేకుండా ఊరంతా తిరిగే మాటలంటే ఆయనకు ఒళ్ళు మంట. అవి అలగా మాటలట. మాటకు కూడా కులాసా కుర్చీ ఉండాలని ఆయన అభిప్రాయం.

అయితే ఆ కార్యాలయంలో ఒక నియమం ఉండేది. కొత్త మాట పుస్తకంలోకి ఎక్కాలంటే బయటివాళ్ళు ముగ్గురు, ఎవరూ నేర్పకుండా, తమంతట తాము దాన్ని వాడగా తెచ్చినవాడు చెవులారా వినాలి. అలా ఎక్కిన మాట కింద తెచ్చినవాడి పేరు అచ్చువేస్తారు. టెలిఫోన్ ఆపరేటర్‌వి కూడా రెండు మాటలున్నాయి. ఆయనది ఒక్కటీ లేదు. పైగా అది ఆయన పదవీ విరమణ చేయబోయే సంవత్సరం. ఈ కూర్పులో పేరు పడకపోతే ఇక ఎప్పటికీ పడదు. ఆ బెంగతో ఆయనకు అన్నం సయించడం మానేసింది.

దొడ్డిదారి తొక్కలేదా అంటే, అదీ తొక్కాడు. దర్జీ దగ్గరికి చిరిగిన సంచీ పట్టుకెళ్ళి, "దీని దంతగ్రథని పాడైంది" అని ముమ్మారు చెప్పాడు. దర్జీ అర్థమైనట్టే తలూపాడు. వారం తరవాత వెళ్తే, "జిప్పు వేసేశాను సార్, పట్టుకెళ్ళండి" అన్నాడు. ఆయన ఇంటికొచ్చి సంచీని మూలకు విసిరికొట్టాడు.

ఇదంతా ఇలా ఉండగా ఆయనకు తెలియకుండానే ఆయన వల్ల ఒక మాట పుట్టి పెరుగుతోంది. దాని పుట్టుక మెట్ల దగ్గర తలుపు మీద జరిగింది. ఆ తలుపుకు 'తలుపు వేయండి' అని ఒక అట్టముక్క వేలాడేది. అందరూ చదివేవాళ్ళు, వేసేవాళ్ళు. ఆయనగారికి అది మోటుగా తోచింది. దాన్ని పీకేసి, 'ద్వారమును ఉపయోగించిన పిదప దానిని యథాస్థితికి గొనివచ్చుట సభ్యతా లక్షణము' అని అందంగా రాయించి అంటించాడు. ఆ రోజు నుంచి ఆ తలుపు ఎవరూ వేయలేదు. చదవడం పూర్తయ్యేసరికి పై మెట్టు మీద ఉండేవాళ్ళు. తెరిచిన తలుపులోంచి పిల్లి దూరి, తడి ఆరని అచ్చుకాగితాల మీద పచార్లు చేసి, ఒక లెక్కల పుస్తకానికి పాదముద్రలు వేసి పోయింది. బైండింగు మేస్త్రీ ఆ కాగితాలను ఎత్తి చూపిస్తూ, "చక్కగా ఉన్న నోటీసుని గంభీరించాడురా బాబూ!" అన్నాడు.

అంతే, మాట పుట్టేసింది. ఏ సంఘమూ కూర్చోలేదు, ఎవరూ తీర్మానం చేయలేదు. అచ్చుయంత్రాల వాళ్ళు దాన్ని అందుకున్నారు. సులువైన పనిని ఎవడైనా గొప్పకు పోయి చెడగొడితే, "గంభీరించాడు" అన్నారు. బైండింగులో పనిచేసే ఆడవాళ్ళు దాన్ని ఇళ్ళకు పట్టుకెళ్ళి మొగుళ్ళ మీద వాడారు. మొగుళ్ళు మంగలి దుకాణానికి మోసుకెళ్ళారు. మంగలి దుకాణానికి చేరిన మాట ఇక ఆగుతుందా? నాలుగైదు నెలలు తిరిగేసరికి ఊళ్ళో సగంమందికి అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, అది లేకుండా రోజు గడవదు.

ఆయన దాన్ని మొదటిసారి విన్నది ఆ మంగలి దుకాణంలోనే. పక్క కుర్చీలో మనిషి, "మామూలుగా కత్తిరించు చాలు, గంభీరించకు" అన్నాడు. ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. గంభీర శబ్దం నుంచి క్రియ! అదీ ఒక అనామకుడి నోట! రెండోసారి బస్సులో విన్నాడు. ముందు సీట్లో ఆవిడ ఫోనులో ఎవరినో, "చెప్పేదేదో తిన్నగా చెప్పు, ఊరికే గంభీరించకు" అని కసిరింది. మూడోసారి పళ్ళ బండి దగ్గర. బత్తాయిల్ని ఒక్కొక్కటే ఎండకెత్తి, తిప్పి, కళ్ళజోడు సవరించి చూస్తుంటే బండివాడికి విసుగొచ్చింది.

"తీసుకుంటే తీసుకోండి సార్, బత్తాయిల దగ్గర కూడా గంభీరిస్తారేంటి!"

ఆయన ఆనందం పట్టలేక అవసరం లేకపోయినా రెట్టింపు పళ్ళు కొన్నాడు. తిట్టించుకుని ఇంత సంబరపడిన మనిషిని ఆ బండివాడు అంతకుముందు చూసి ఉండడు.

ఆయన ఆ మాటను సమావేశంలో పెట్టాడు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, అర్థం చదివాడు. "గంభీరించు అనగా, ఒక పనిని హుందాగా, సంస్కారవంతంగా నిర్వహించు."

టెలిఫోన్ ఆపరేటర్ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తింది. ప్రధాన సంపాదకురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మీరు విన్న ముగ్గురూ దాన్ని మెచ్చుకోలుగా అన్నట్టు లేదు కదండీ?" అంది.

"జనానికి హుందాతనం అంటే భయం మేడమ్. అందుకే వద్దంటారు."

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఎవరికీ లేదు. ముప్ఫై ఏళ్ళలో ఆయన తెచ్చిన మాటను అందరూ ఒక్క గొంతుతో ఒప్పుకోవడం అదే మొదటిసారి. తన గొప్పతనం వీళ్ళకు ఇన్నాళ్ళకు తెలిసొచ్చిందనుకున్నాడు. మూర్ఖుడికి చప్పట్లు వినిపిస్తాయి గానీ, అవి ఎందుకో వినిపించదు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ విన్నది. వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టి, దుప్పటిలో ముఖం దాచుకుని, మంచం మీద కూలబడి నవ్వింది. తరవాత ఆయన ముఖం చూసి, కళ్ళు తుడుచుకుంది.

"మీకు నిజంగా తెలియదా?"

"ఏంటి తెలియంది?"

"గంభీరం అంటే మీరేనండీ. మీ ఆఫీసులో మిమ్మల్ని అలాగే అంటారు. మీరు చేసినట్టు చేస్తే గంభీరించడం."



"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో చెప్పడమేంటి, మా తోడికోడలు అంటుంది. మన అల్లుడూ అంటాడు, మీరు లేనప్పుడు." ఒక క్షణం ఆగి, దాచి లాభం లేదనుకుంది. "నేనూ అంటాను. గోడకి ఒక్క మేకు కొట్టండి అంటే దారం కట్టి, గీతలు గీసి, మూడుచోట్ల పెచ్చులూడగొట్టారే, ఆ రోజు అన్నాను."

ఆ గోడ ఎదురుగానే ఉంది. మేకు లేదు, గుంటలు ఉన్నాయి. ఆయన వాటివంక చూస్తూ కూర్చున్నాడు. ఊరంతా తనను చూసి నవ్వుతోంటే, ఆ నవ్వును ఏరి తెచ్చి, తన పేరు కింద అచ్చువేయమని తానే అడిగాడు!

"పొద్దున్నే వెళ్ళి తీయించేయండి. ఉన్న పరువన్నా దక్కుతుంది" అంది భార్య. ఆవిడ గొంతులో జాలి ఉంది. కొంచెమే ఉంది.

పొద్దున్నే వెళ్ళాడు. ప్రధాన సంపాదకురాలు ఆయన ముఖం చూడగానే గ్రహించి, అచ్చుకు వెళ్ళబోతున్న పేజీని తీసి ముందు పెట్టింది.

"తీసేయమంటారా? తీసేస్తే మరి మీ పేరూ ఉండదు."

ఇక్కడ ఏ కాస్త సిగ్గున్నవాడైనా తీసేయమనేవాడు. ఆయన కలం తీశాడు. ఆ పేజీలో మాట కింద చిన్న అక్షరాల్లో తన పేరు ఉంది. దాన్ని చూశాడు, మళ్ళీ చూశాడు. ముప్ఫై ఏళ్ళ ఆకలి ముందు ఒక్క రాత్రి సిగ్గు ఏపాటిది? తాను రాసిన అర్థాన్ని కొట్టేసి, 'సులువైన పనిని గొప్పకు పోయి పాడుచేయు' అని రాశాడు. ఆయన జీవితంలో రాసిన ఏకైక తిన్నని వాక్యం అదే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పేవాళ్ళు కూడా ఆయనకు ఒక దండం పెట్టేవాళ్ళు. ఆగలేదు. గొంతు సవరించుకుని, కింద ఇంకో వాక్యం చేర్చాడు: 'ప్రసిద్ధ భాషావేత్త ఒకరి పేరు నుంచి ఏర్పడినది.'

నవ్వులపాలైనా ఫరవాలేదు, అందులో నవ్వులపాలైంది ప్రసిద్ధుడని తెలియాలి.

పుస్తకం వచ్చింది. ఆయన పేజీలు గబగబా తిప్పి తన మాట దగ్గర ఆగాడు. అర్థం ఉంది. కింద తన పేరు ఉంది. మూలం దగ్గర మాత్రం, 'కార్యాలయ ఉద్యోగి ఒకరి పేరు నుంచి ఏర్పడినది' అని ఉంది. ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని విసవిసా సంపాదకురాలి గదిలోకి వెళ్ళాడు.

"ప్రసిద్ధ అన్న మాట ఎందుకు తీసేశారు మేడమ్?"

ఆవిడ తలెత్తలేదు.

"నియమం మీకు తెలియనిది కాదు కదండీ. ఆ మాట మీ గురించి బయటివాళ్ళు ముగ్గురు అనాలి. నేను అడిగి చూశాను."

ఆయన పుస్తకం చంకలో సర్దుకుని వెనక్కి తిరిగాడు.

"వెళ్ళేటప్పుడు తలుపు వేయండి" అంది ఆవిడ.